పాడుతూ వాయించేవాళ్ళకి హెడ్‌సెట్ మైకా, స్టాండ్ మైకా? ఒక ప్రాజెక్టు డైరీ

మా బ్యాండులో ముగ్గురు పాడతారు. ముగ్గురి చేతులూ ఖాళీగా ఉండవు. ఒకరిది డ్రమ్స్, ఒకరిది గిటార్, ఒకరిది కీబోర్డ్. కీబోర్డ్ వాయించే ఆవిడ రెండు పాటల్లో వేణువు కూడా ఊదుతుంది. మైకుల ధ్వని సర్దే మిక్సర్ దగ్గర నేను ఉంటాను. ముగ్గురికీ స్టాండ్ మైకులే ఉంచాలా, తలకి తగిలించుకునే హెడ్‌సెట్లకి మారాలా అని తేల్చుకోవడానికి చేసిన పని ఇది. చివరికి ఎవరికి ఏది కుదిరిందన్నది మా గదికీ మా మనుషులకీ సంబంధించిన జవాబు. కొలిచిన పద్ధతి, మధ్యలో చెడిన పనులు మాత్రం ఎవరికైనా పనికొస్తాయి. అందుకే వాటి గురించే ఎక్కువ రాశాను.

కొలత పద్ధతి

మైకు బాగుందా అని అడిగితే ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. అలా అభిప్రాయాల మీద నడిస్తే ఈ పని తెమలదు. అందుకని ఒకే ఒక అంకె పట్టుకున్నాను: ఒక మైకులో ఆ మనిషి గొంతు ఎంత పడుతోంది, అదే మైకులో మిగతా మోత ఎంత పడుతోంది, ఈ రెండింటి మధ్య తేడా ఎన్ని డెసిబెల్స్ అని.

1. మిక్సర్‌లో గెయిన్ (మైకు సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) ఒకచోట పెట్టి, నాబ్ కదలకుండా టేపు అంటించాలి. ఈక్వలైజర్ (బేస్, పదును సర్దేది), కంప్రెసర్ (గట్టి శబ్దాలని తగ్గించేది), గేట్ (చిన్న శబ్దాలని మూసేది), లో కట్ (అడుగు ఫ్రీక్వెన్సీలని తీసేసేది) అన్నీ ఆపేయాలి.
2. వాద్యాలేవీ మోగకుండా, గాయకుడు ఒక్కడే హెడ్‌ఫోన్‌లో పాట వింటూ అసలు జోరులో పాడాలి. చేతులు మాత్రం వాయిస్తున్నట్టే కదలాలి. డ్రమ్మర్ కర్రలు గాలిలో ఆడించాలి. తల ఎటు కదులుతుందో అదీ కొలతలోకి రావాలి కాబట్టి ఇది తప్పదు.
3. తర్వాత అందరూ నిజంగా వాయించాలి. గాయకుడు కూడా వాయిస్తాడు, పాడే భంగిమలోనే ఉంటాడు, గొంతు మాత్రం విప్పడు.
4. రెండు రికార్డింగుల ఆర్‌ఎంఎస్ సగటు స్థాయి చూసి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేయాలి.

పీక్ స్థాయి, అంటే క్షణకాలపు గరిష్ఠం, చూడొద్దు. ఒక్క స్నేర్ డ్రమ్ దెబ్బ పడితే లెక్కంతా తారుమారవుతుంది. ఈ తేడా 6 కంటే తక్కువైతే మిక్సర్ దగ్గర ఎవరున్నా చేయగలిగింది పెద్దగా ఉండదు. 10 దాటితే నెట్టుకురావచ్చు. 15 ఉంటే గొంతు మీద హాయిగా పని చేసుకోవచ్చు. ఇది నా అంచనా.

గాలి దెబ్బ, అంటే పాప్ శబ్దం, చూడటానికి వేరే పరీక్ష పెట్టుకున్నాను. 'పాప, బాబు, ఫలం, భయం, భాభా' అని మైకులో అనిపించడం. మన భాషలో ఫ, భ లాంటి ఒత్తు అక్షరాలు ఇంగ్లీషు పాటలకి సర్దిపెట్టిన మైకు స్థానాన్ని ఇట్టే పట్టిస్తాయి. సకారాలకి 'శంఖం, విషం, సుస్వరం'.

పనిముట్లు: ఒక్కో మైకును వేరే ట్రాక్‌గా కంప్యూటర్‌కి పంపగల మిక్సర్, కొలత టేపు, మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, గాఫర్ టేపు (వేదిక మీద వాడే గుడ్డ టేపు), ఆసుపత్రుల్లో వాడే చర్మానికి అంటించే టేపు.

దశ 1: ఉన్న స్టాండ్ మైకులతో మొదటి కొలత

ముగ్గురి ముందూ బూమ్ స్టాండ్ (అడ్డ కడ్డీ ఉన్నది), దానిమీద డైనమిక్ (కరెంటు అక్కర్లేని) కార్డియాయిడ్ (ముందునుంచే ఎక్కువ వినే) మైకు. 1966లో వచ్చిన షూర్ ఎస్‌ఎం58 కుటుంబానికి చెందిన రకం అనుకోవచ్చు. చాలా వేదికల మీద కనిపించేది ఇదే కాబట్టి పోల్చడానికి ఇదే సరైన ఆధారం.

ముందు పెదవులకీ మైకు జాలీకీ మధ్య దూరం పట్టి ఉంచి కొలిచాను.

- డ్రమ్స్: 5 సెంటీమీటర్ల దగ్గర తేడా 9. 15 దగ్గర 1. 30 దగ్గర మైనస్ 5.
- గిటార్: 17, 9, 3.
- కీబోర్డ్: 19, 11, 5.

దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ పడిపోవాలి. ఆ లెక్కన 5 నుంచి 15 సెంటీమీటర్లకి 9.5 తగ్గాలి. మాకు 8 తగ్గింది. మైకులో శబ్దానికి కదిలే పొర, డయాఫ్రమ్, జాలీకి ఆనుకుని ఉండదు, కాస్త లోపల ఉంటుంది. అసలు దూరాలు 5, 15 కంటే కొంచెం ఎక్కువే కాబట్టి ఈ అంకె సరైనదే. కొలత పద్ధతి నమ్మదగినదని నాకు ధైర్యం వచ్చింది ఇక్కడే.

డ్రమ్స్ దగ్గర 30 సెంటీమీటర్లకి మైనస్ 5 అంటే, ఆ మైకులో గొంతు కంటే డ్రమ్సే ఎక్కువ ఉన్నాయని. దాన్ని పెంచితే పెరిగేది సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్ళాలు).

తర్వాత పాట మొత్తం మామూలుగా పాడించి కొలిచాను. స్టాండు కడ్డీకి కొలత టేపు అంటించి పక్కనుంచి వీడియో తీస్తే డ్రమ్మర్ నోరు మైకుకి 4 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య తిరుగుతోందని తేలింది. ఫిల్ (తాళం మధ్యలో వచ్చే చిన్న డ్రమ్స్ విన్యాసం) వాయించేటప్పుడు వెనక్కి వాలతాడు, పాటలో ఆ చోటే గొంతు గట్టిగా కావాలి. “సింబల్స్ మోత తప్ప నా గొంతు నాకే వినిపించట్లేదన్నా” అని చాలాకాలంగా అంటున్నాడు. అంకె అదే చెప్పింది.

కీబోర్డ్ ఆవిడది మరో ఇబ్బంది. ఆమెకి ఎదురుగా ఒక కీబోర్డ్, ఎడమ పక్కన ఇంకొకటి. ఎడమకి తిరిగినప్పుడల్లా నోరు మైకు నుంచి పక్కకి పోతుంది.

ఇప్పటికి లెక్క (పాట మొత్తం మీద తేడా): డ్రమ్స్ 3, గిటార్ 14, కీబోర్డ్ 13.

దశ 2: ఓమ్నీ హెడ్‌సెట్

హెడ్‌సెట్ మైకు పాట వేదికకి వచ్చిందే కదలిక కోసం. 1979 పర్యటనలో బ్రిటిష్ గాయని కేట్ బుష్ నాట్యం చేస్తూ పాడాలనుకుంటే, ఆమె సౌండ్ ఇంజినీరు బట్టల హ్యాంగర్ తీగ వంచి మైకును ఆమె తలకి అమర్చాడు. నోరు ఎటు పోతే మైకు అటే రావాలి, అంతే. మా డ్రమ్మర్‌కి కావలసిందీ అదే.

ముందు దొరికింది అన్ని దిక్కుల నుంచీ సమానంగా వినే ఓమ్నీ రకం. చిన్న కండెన్సర్ గుండు, అంటే శబ్దం వినే కొస, చర్మం రంగు తీగ. పెదవి చివర నుంచి 2.5 సెంటీమీటర్ల దూరంలో బుగ్గ మీద పెట్టాం.

విన్నప్పుడు గొంతు నిజంగా చాలా బాగుంది. ఓమ్నీ మైకుకి దగ్గరితనం వల్ల బేస్ పెరిగే గుణం లేదు, కాబట్టి గొంతు ఉబ్బదు. తీగ కాస్త అటూ ఇటూ జరిగినా ధ్వని మారదు. 'భయం, ఫలం' అంటే గాలి దెబ్బ కూడా దాదాపు లేదు.

అంకెలు వేరే చెప్పాయి. డ్రమ్స్ 4, గిటార్ 12, కీబోర్డ్ 14. డ్రమ్మర్‌కి తల ఎటు తిప్పినా ఆ 4 మారలేదు, అది మంచిదే. కానీ 4తో ఏం చేస్తాం? చుట్టూ వ్యాపించిన మోతని, ఒకే దూరంలో, కార్డియాయిడ్ మైకు ఓమ్నీ కంటే 4.8 డెసిబెల్స్ తక్కువ తీసుకుంటుంది. నోటికి దగ్గరగా వచ్చి సంపాదించినదాన్ని ఓమ్నీ అన్ని దిక్కులా చెవులు తెరిచి పోగొట్టుకుంది.

రెండో నష్టం మానిటర్ల దగ్గర, అంటే పాడేవాళ్ళకి తమ గొంతు వినిపించే స్పీకర్ల దగ్గర. గిటార్ అన్న ముందున్న నేల మానిటర్‌లో గొంతు పెంచుతూ పోతే, స్టాండ్ మైకు కంటే 5 డెసిబెల్స్ ముందే హౌలింగ్ (స్పీకర్ శబ్దం మైకులోకి తిరిగొచ్చి కూయడం) మొదలైంది. స్టాండ్ మైకు వీపు మానిటర్ వైపు ఉంటుంది, అటునుంచి తక్కువ వింటుంది. ఓమ్నీకి వీపు అంటూ లేదు.

చెవిలో పెట్టుకునే మానిటర్లు ఉండి, డ్రమ్స్ దూరంగానో తెర వెనకో ఉండే నాటకాల్లాంటి చోట ఓమ్నీ హెడ్‌సెట్ చాలా మంచి ఎంపిక. డ్రమ్స్ మీటరు దూరంలో ఉన్న బ్యాండుకి కాదు.

ఇప్పటికి లెక్క: డ్రమ్స్ 4, గిటార్ 12 (స్టాండ్‌తో 14), కీబోర్డ్ 14.

దశ 3: కార్డియాయిడ్ హెడ్‌సెట్, దాని స్థానం

ఎక్కువ సమయం తిన్నది ఇదే. కార్డియాయిడ్ హెడ్‌సెట్ ఎక్కడ పెట్టామన్నది ఏ కంపెనీది కొన్నామన్నదాని కంటే ముఖ్యం అని ఇప్పుడు గట్టిగా అనగలను.

*మొదటి స్థానం: పెదవుల ఎదురుగా.* డ్రమ్మర్‌కి టీవీలో కనిపించినట్టు పెట్టాం. తేడా బాగా వచ్చింది, 11. కానీ 'పాప' అన్న మాటకే స్పీకర్ దబ్బున కొట్టింది. ఊపిరి తీసుకోవడం, వదలడం రెండూ వినిపించాయి. నురగ తొడుగు మార్చి మందంది వేస్తే కొంచెం తగ్గింది, పోలేదు. వదిలేశాం.

*రెండో స్థానం: బుగ్గ మీద వెనక్కి, పెదవి చివర నుంచి 5 సెంటీమీటర్లు.* గాలి దెబ్బ పూర్తిగా పోయింది. దాంతోపాటు గొంతులో పదునూ పోయింది. నోటి నుంచి పై ఫ్రీక్వెన్సీలు ముందుకే ఎక్కువ పోతాయి, బుగ్గ మీదకి తక్కువ వస్తాయి. పైగా దూరం పెరిగింది. తేడా 5కి పడిపోయింది. పోయిన పదును ఈక్వలైజర్‌లో తెద్దామని 5 కిలోహెర్ట్జ్ పైన పెంచితే, సింబల్స్ ఉండేది కూడా అక్కడే కాబట్టి అవీ లేచాయి.

*మూడో స్థానం: పెదవి చివర నుంచి 2 సెంటీమీటర్లు బయటికి, కింది పెదవి కంటే కాస్త కిందికి, చర్మానికి తగలకుండా ఒక వేలి మందం ఎడంగా, గుండు ముఖం నోటి వైపు.* ఊపిరి దారికి పక్కన ఉంటుంది, గొంతు దారికి దగ్గరగా ఉంటుంది. 'భయం' అంటే చిన్న పాప్ మిగిలింది, 120 హెర్ట్జ్ దగ్గర లో కట్ పెడితే అదీ సరిపోయింది. తేడా 9. పాట మొదట్లోనూ ఫిల్‌లోనూ అదే 9.

మొదటి స్థానం 11 ఇచ్చింది కదా అనిపిస్తుంది. ఆ రెండు డెసిబెల్స్ కోసం ప్రతి ఒత్తు అక్షరానికీ స్పీకర్ ఉలిక్కిపడటం నాకు ఇష్టం లేదు.

ఈ స్థానం కుదిరాక కూడా ఒక రిహార్సల్‌లో తేడా మధ్యలోనే 4కి పడిపోయింది. మైకు చోటు మారలేదు, 2 సెంటీమీటర్లే ఉంది. చూస్తే తీగ మెలిపడి గుండు పక్కకి తిరిగి ఉంది. కార్డియాయిడ్ 90 డిగ్రీల పక్కనుంచి వచ్చే శబ్దాన్ని 6 డెసిబెల్స్ తక్కువగా వింటుంది. గొంతు పక్కనుంచి పడుతోంది, డ్రమ్స్ ఎదురుగా పడుతున్నాయి. చూపుకి ఏ తేడా కనిపించదు, అందుకే ఇది కనిపెట్టడం కష్టం. చేసిన మార్పులు:

1. నురగ తొడుగు తీసి, గుండు ముఖం ఏ వైపో చూసి, వెనక వైపు తెల్ల రంగు చుక్క పెట్టాం. కొన్ని మోడళ్ళకి ఆ గుర్తు ముందే ఉంటుంది.
2. బూమ్ తీగ చెవి దగ్గర బిగించే చోట చిన్న గాఫర్ టేపు ముక్క, మెలిపడకుండా.
3. బుగ్గ మీద, తీగ మధ్యలో, చర్మానికి అంటే టేపు ఒక ముక్క.
4. పాటకి పాటకి మధ్య కాకుండా, మొదలయ్యే ముందు ఒకసారి, విరామంలో ఒకసారి చుక్క ఏ వైపు ఉందో వేరేవాళ్ళు చూడాలి. పెట్టుకున్నవాళ్ళకి అది కనిపించదు.

గడ్డం ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. గుండు వెంట్రుకలకి తగిలితే గరగరమని శబ్దం వస్తుంది, అది గొంతు లేనప్పుడే బయటపడుతుంది. మా గిటార్ అన్నకి తీగ ఇంకో అర సెంటీమీటరు బయటికి వంచాల్సి వచ్చింది.

ఇప్పటికి లెక్క: డ్రమ్స్ 9, గిటార్ 15, కీబోర్డ్ 17.

దశ 4: కరెంటు, కనెక్టర్లు, చెమట

కండెన్సర్ హెడ్‌సెట్‌కి కరెంటు కావాలి. నడుముకి తగిలించుకునే వైర్‌లెస్ బాడీప్యాక్‌లో పెడితే అదే కొద్ది వోల్టులు ఇస్తుంది. అయితే డ్రమ్మర్ కూర్చున్న చోటు నుంచి లేవడు. కీబోర్డ్ కూడా అంతే. వాళ్ళకి వైర్‌లెస్ ఎందుకు? బ్యాటరీలు, ఫ్రీక్వెన్సీలు, రిసీవర్లు అన్నీ అదనపు టెన్షన్. చిన్న కనెక్టర్‌ని ఎక్స్‌ఎల్‌ఆర్‌గా (మూడు పిన్నుల మామూలు మైకు కనెక్టర్‌గా) మార్చి, మిక్సర్ మైకు కేబుల్ మీదుగానే ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌ని మైకుకి సరిపడేలా తగ్గించే అడాప్టర్ దొరుకుతుంది. ఇద్దరికీ అదే పెట్టాం.

కొనేముందు చూడాల్సింది పిన్నులు. చిన్న ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లు చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ కొన్నిటికి 3 పిన్నులు, కొన్నిటికి 4. షూర్ బాడీప్యాక్‌లది 4 పిన్నుల రకం, ఏకేజీది 3 పిన్నులు, సెన్‌హైజర్ చాలావాటికి మర బిగించే 3.5 మిల్లీమీటర్ల జాక్ వాడుతుంది. పిన్నుల సంఖ్య ఒకటే అయినా లోపలి వరస ఒకటే కావాలని లేదు. మైకు, అడాప్టర్ ఒకే పద్ధతివని కాగితం మీద చూసుకున్నాకే కొనండి.

మొదటి పెద్ద రిహార్సల్‌లోనే డ్రమ్మర్ మైకు చిటపటలాడింది. కేబుల్ తప్పేమో అని మార్చాను, పోలేదు. అడాప్టర్ మార్చాను, పోలేదు. తొడుగు తీసి చూస్తే గుండు మొత్తం తడి. చెమట నుదుటి నుంచి చెవి మీదుగా బూమ్ తీగ పట్టుకుని నేరుగా మైకులోకి జారుతోంది.

1. తీగలో మైకుకి కాస్త ముందు కిందికి చిన్న వంపు ఇచ్చాం. చెమట చుక్క ఆ వంపు అడుగున రాలిపోతుంది, మైకు దాకా పైకెక్కదు.
2. నుదుటికి గుడ్డ పట్టీ. నాలుగింటిలోనూ ఎక్కువ పనిచేసింది ఇదే.
3. విరామంలో నురగ తొడుగు తీసేసి పొడి తొడుగు వేయడం. తడిసిన నురగ పై ఫ్రీక్వెన్సీలని మింగేస్తుంది. గొంతు మందగించింది అనిపిస్తే ఈక్వలైజర్ ముట్టుకునే ముందు తొడుగు ముట్టుకోండి.
4. పని అయ్యాక మైకును మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టడం.

మరొకటి: డ్రమ్మర్ ఎడమకి తిరిగినప్పుడు కేబుల్ లాగి హెడ్‌సెట్ మొత్తం పక్కకి జరిగేది. మెడ వెనక కాలర్‌కి క్లిప్పు పెట్టి, క్లిప్పుకీ చెవికీ మధ్య తల పూర్తిగా తిరిగేంత కేబుల్ వదులుగా ఉంచితే ఆగింది.

ఇప్పటికి లెక్క: తేడాలు మారలేదు. ఫాంటమ్ పవర్ కావలసిన చానళ్ళు 2. బ్యాటరీలు సున్నా.

దశ 5: కాలితో మ్యూట్ చేసే పెట్టె

స్టాండ్ మైకు వద్దనుకుంటే తల పక్కకి తిప్పుకుంటే చాలు. హెడ్‌సెట్ వదలదు. దగ్గు, మంచినీళ్ళు తాగడం, “రెండో చరణం వదిలేద్దామా?” అని పక్కవాళ్ళని అడగడం, అన్నీ స్పీకర్లలో వస్తాయి. అన్నిసార్లూ నేను మిక్సర్‌లో పట్టుకోలేను. పైగా డ్రమ్మర్ పాడని చోట మైకు తెరిచి ఉంటే డ్రమ్స్ ధ్వని చెడిపోతుంది. కాలి స్విచ్ లేకుండా డ్రమ్మర్‌కి హెడ్‌సెట్ పెట్టొద్దు.

మొదటి నమూనాలో స్విచ్ 2వ పిన్ తీగని తెంపేది. ఫాంటమ్ పవర్ ఉండగా నొక్కితే ధడేల్మని శబ్దం. ఆ తీగ మీద డీసీ వోల్టేజి ఉంటుంది, తెంపినప్పుడు ఒక్కసారి ఎగిరిపడుతుంది. స్పీకర్లకి ప్రమాదం.

పనిచేసిన పద్ధతి ఏ తీగనీ తెంపదు. 2, 3 పిన్నులని ఒకదానితో ఒకటి కలిపేస్తుంది. ఫాంటమ్ పవర్ రెండు పిన్నులకీ సమానమైన 6.8 కిలోఓమ్ రెసిస్టర్ల ద్వారా వస్తుంది, కాబట్టి రెండింటి మీదా వోల్టేజి దాదాపు ఒకటే. కలిపినా డీసీ కదలదు. మిక్సర్ వినేది ఆ రెండింటి మధ్య తేడాని కనుక, కలిసిపోయాక వినడానికి ఏమీ ఉండదు.

1. గట్టి లోహపు పెట్టె, ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, ఒక ఎక్స్‌ఎల్‌ఆర్ ప్లగ్, నొక్కితే నిలిచిపోయే రకం రెండు వరసల కాలి స్విచ్ తీసుకోండి.
2. 1 నుంచి 1, 2 నుంచి 2, 3 నుంచి 3 నేరుగా తీగలు వేయండి.
3. స్విచ్ మొదటి వరసని 2, 3 పిన్నుల మధ్య కట్టండి.
4. పెట్టె లోహాన్ని 1వ పిన్‌కి కలపండి. లేకపోతే హమ్ వస్తుంది.
5. రెండో వరసకి 9 వోల్టుల బ్యాటరీ, 4.7 కిలోఓమ్ రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ. ఈ సర్క్యూట్ ఎక్కడా మైకు తీగలకి తగలకూడదు.
6. పెట్టెని మైకుకీ మిక్సర్‌కీ మధ్య కలిపి, ఫాంటమ్ వేసి, మల్టీమీటర్‌తో 2, 3 పిన్నుల మధ్య డీసీ చూడండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. లేకపోతే ఆ పెట్టెని స్పీకర్లకి కలపకండి.

అడాప్టర్ తర్వాత, ఎక్స్‌ఎల్‌ఆర్ వైపే ఈ పెట్టె పెట్టాలి. హెడ్‌సెట్ చిన్న కనెక్టర్ వైపు పెడితే ఇది పనిచేయదు.

మ్యూట్‌లో ఉన్నప్పుడే దీపం వెలిగేలా కట్టాను. బ్యాటరీ అయిపోతే దీపం వెలగదు, అప్పుడు డ్రమ్మర్ మైకు తెరిచే ఉందనుకుంటాడు, జాగ్రత్తగా ఉంటాడు. తిరగేసి కడితే, తెరిచి ఉన్న మైకు మూసి ఉందనుకుని మాట్లాడేస్తాడు.

నొక్కినప్పుడు చిన్న టిక్కు మాత్రం వినిపిస్తుంది. అది పాదం పెట్టెని తాకే శబ్దం, సర్క్యూట్‌ది కాదు. పెట్టె కింద రబ్బరు ముక్కలు అంటిస్తే తగ్గింది.

దశ 6: గిటార్ అన్న మళ్ళీ స్టాండుకి

అంకె ప్రకారం అన్నకి కూడా హెడ్‌సెట్టే మేలు: 15కి 14. ఆ ఒక్క డెసిబెల్‌ని నమ్మి పాటలు మొదలుపెడితే, వినడానికి ఏదో పోయింది.

అన్న మైకుతో పాడే మనిషి. మెల్లని పంక్తికి పెదవులు జాలీకి ఆనిస్తాడు, గొంతు గుసగుసలా, నిండుగా వస్తుంది. పై స్వరానికి ఒక జానెడు వెనక్కి పోతాడు. అది సొంతంగా నేర్చుకున్న విద్య. హెడ్‌సెట్‌లో దూరం మారదు కాబట్టి ఆ విద్య మొత్తం వృథా. ఒకే పాటలో మెల్లని పంక్తికీ పై స్వరానికీ మధ్య స్టాండ్ మైకులో 15 డెసిబెల్స్ వ్యత్యాసం ఉంటే, హెడ్‌సెట్‌లో 24 ఉంది.

కంప్రెసర్‌తో సర్దబోయాను. 4:1 నిష్పత్తి, పై స్వరాల మీద 8 డెసిబెల్స్ తగ్గింపు, తర్వాత మొత్తాన్ని 8 పెంచడం. పై స్వరాలు దారికొచ్చాయి. మాటకీ మాటకీ మధ్య ఖాళీల్లో, కంప్రెసర్ ఏమీ తగ్గించని చోట, డ్రమ్స్ కూడా ఆ 8 డెసిబెల్సూ పైకి లేచాయి. కష్టపడి సంపాదించిన 15 అక్కడ సగానికి వచ్చింది. నోటితో చేయగల పనిని కంప్రెసర్‌కి అప్పగిస్తే ఎప్పుడూ ఈ ధర ఉంటుంది.

కాబట్టి అన్న స్టాండుకే వెళ్ళాడు. ఈసారి మూడు మార్పులతో:

1. కార్డియాయిడ్ బదులు, పక్కల నుంచి ఇంకా తక్కువ వినే సూపర్ కార్డియాయిడ్ డైనమిక్ మైకు.
2. నేల మానిటర్‌ని మైకు వీపుకి సూటిగా ఉన్న చోటు నుంచి పక్కకి జరిపాం. కార్డియాయిడ్ అతి తక్కువ వినేది సరిగ్గా వెనక నుంచి. సూపర్ కార్డియాయిడ్ అతి తక్కువ వినేది సుమారు 126 డిగ్రీల దగ్గర, వెనక సూటిగా మాత్రం కాస్త వింటుంది. మైకు మార్చి మానిటర్ మార్చకపోతే హౌలింగ్ ముందు కంటే ఎక్కువవుతుంది.
3. స్టాండు నిటారు కడ్డీని గిటార్ మెడకి అవతల పెట్టి, బూమ్‌తో మైకు తెచ్చాం. మైకు ఎత్తు గడ్డం స్థాయికి దించి పైకి వంచితే, ఫ్రెట్‌బోర్డ్ చూసుకుంటూ కూడా నోరు దారిలోనే ఉంటోంది. అన్న తల దించడం మానడు, మైకే దిగాలి.

తేడా 16 వచ్చింది.

ఇప్పటికి లెక్క: డ్రమ్స్ 9 (హెడ్‌సెట్), గిటార్ 16 (స్టాండ్), కీబోర్డ్ 17 (హెడ్‌సెట్).

దశ 7: కీబోర్డ్, వేణువు

కీబోర్డ్‌కి హెడ్‌సెట్ ఏ గొడవా లేకుండా కుదిరింది. రెండు కీబోర్డుల మధ్య ఎటు తిరిగినా 17 నిలిచింది. ఆమె ఒకే జోరుతో పాడుతుంది, దూరంతో ఆడుకునే అలవాటు లేదు.

వేణువు దగ్గర ఆగాం. అడ్డంగా పట్టే వేణువు కుడి వైపుకి పోతుంది, కుడి బుగ్గ మీదున్న బూమ్ దానికి తగిలేది. బూమ్‌ని ఎడమ బుగ్గకి మార్చాం. దాంతో వేణువుకి వేరే మైకు పెట్టాల్సిన పనే తప్పింది, ఊదే రంధ్రం ఈ మైకుకి అంత దగ్గర. ఊపిరి శబ్దం ఎక్కువే, కానీ మెల్లని పాటలో అది అందంగా ఉంది. వేణువు స్థాయి గొంతు కంటే భిన్నం కాబట్టి, అదే ఇన్‌పుట్‌ని మిక్సర్‌లో రెండు చానళ్ళకి పంపి, ఒకటి గొంతుకి, ఒకటి వేణువుకి సర్ది, పాటని బట్టి ఒకదాన్ని మూస్తున్నాను.

మౌత్ ఆర్గాన్‌ని మెడ పట్టీలో పెట్టుకుని వాయించేవాళ్ళకి ఈ కిటుకు పనికిరాదు. అది పెదవులకి అడ్డంగా, సరిగ్గా బూమ్ ఉండే చోటే ఉంటుంది. వాళ్ళకి స్టాండే మేలు.

దశ 8: డ్రమ్స్ దగ్గర మిగిలిన పని

9 నాకు చాల్లేదు. మైకులో చేయగలిగింది అయిపోయింది, కాబట్టి చుట్టుపక్కల చూశాను.

1. క్రాష్, రైడ్ సింబల్స్ రెండూ ముఖం ఎత్తులో ఉన్నాయి. 10 సెంటీమీటర్లు దించి, డ్రమ్మర్ వైపు వాలు తగ్గించాం. తేడా 11.
2. వెనక గోడ మీటరు దూరంలో ఉంది. దానిమీద మందపాటి దుప్పట్లు వేలాడదీశాం. తేడా 12.
3. గేట్ పెట్టి చూశాను. స్నేర్ గట్టిగా పడ్డప్పుడల్లా తెరుచుకుంటోంది. తీసేసి, పాడనప్పుడు 6 డెసిబెల్స్ మాత్రమే తగ్గించే ఎక్స్‌పాండర్ పెట్టాను. కాలి స్విచ్ ఉంది కాబట్టి దీని అవసరం తక్కువే.

సింబల్స్ దించడానికి డ్రమ్మర్ మొదట ఒప్పుకోలేదు. తన గొంతు రికార్డింగ్ ముందూ వెనకా వినిపించాక తనే ఇంకో సెంటీమీటరు దించాడు.

ఇప్పుడున్న అమరిక

- డ్రమ్స్: వైర్డ్ కార్డియాయిడ్ హెడ్‌సెట్, ఫాంటమ్ అడాప్టర్, మ్యూట్ పెట్టె, 120 హెర్ట్జ్ లో కట్. తేడా 3 నుంచి 12కి పెరిగింది.
- గిటార్: బూమ్ స్టాండ్ మీద సూపర్ కార్డియాయిడ్, పక్కకి జరిపిన మానిటర్. తేడా 14 నుంచి 16కి.
- కీబోర్డ్, వేణువు: వైర్డ్ కార్డియాయిడ్ హెడ్‌సెట్ ఎడమ బుగ్గ మీద. తేడా 13 నుంచి 17కి.

మిక్సర్ పక్కన ఎప్పుడూ మామూలు డైనమిక్ మైకు ఒకటి, కేబుల్‌తో సహా, బూమ్ స్టాండుకి బిగించి ఉంటుంది. హెడ్‌సెట్ మధ్యలో ఆగిపోతే దాన్ని తీసుకెళ్ళి ముందు నిలబెడతాను. అప్పుడు డ్రమ్మర్ ఫిల్స్ తగ్గించి, ముందుకి వంగి పాడాలి. అది కూడా రిహార్సల్‌లో సాధన చేయించాం.

ఇంకా మిగిలింది ఒకటే: హై హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్). డ్రమ్మర్ ఎడమకి తిరిగి పాడే చోట అది మైకుకి ఎదురొస్తోంది. బూమ్‌ని కుడి బుగ్గకి మార్చి, తల అడ్డం వచ్చేలా చేసి కొలవబోతున్నాం. ఆ అంకె రాగానే ఇక్కడే చేరుస్తాను.